గొలుసులో చేరని ఫిర్యాదుదారు

గొలుసుకట్టు వ్యాపారంలో సరుకు అమ్మినందుకు వచ్చే లాభం ఒక్కటే ఉండదు. మరొకరిని చేర్పిస్తే వాళ్ల కొనుగోళ్ల మీద కమిషన్ వస్తుంది. వాళ్లు చేర్పించిన వాళ్లు కొన్నా పైవాళ్లకు వంతులవారీగా వాటా దక్కుతుంది. దీని ఇంగ్లీషు పేరు మల్టీ లెవెల్ మార్కెటింగ్. ఊళ్లలో చైన్ సిస్టమ్ అంటారు, చైన్ బిజినెస్ అంటారు. కంపెనీలకు ఈ పేర్లేవీ గిట్టవు. వాటి కాగితాల మీద ఇది ‘డైరెక్ట్ సెల్లింగ్’. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు ఇరవై ఏళ్లుగా పోలీసు స్టేషన్లలో, హైకోర్టులో, ఢిల్లీ మంత్రిత్వ శాఖల్లో నడిచిన తగవు చాలావరకు ఈ వ్యాపారాన్ని ఏ పేరుతో పిలవాలన్న దాని చుట్టూనే తిరిగింది. ఒక పేరుతో పిలిస్తే అది 1978 నాటి చట్టం కింద నేరం. ఇంకో పేరుతో పిలిస్తే ప్రభుత్వ నిబంధనల ప్రకారం నడుపుకోదగిన వ్యాపారం.

గొలుసులో ఉన్నవాళ్ల భాష వేరుగా ఉంటుంది. చేర్పించినవారు అప్‌లైన్, చేరినవారు డౌన్‌లైన్. కిందికి సాగే ఒక్కో శాఖ ఒక్కో ‘లెగ్’. ఎడమ లెగ్గు, కుడి లెగ్గు సమానంగా పెరిగితేనే చెక్కు వచ్చే పద్ధతికి బైనరీ అని పేరు. కొత్తవాళ్లకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పడాన్ని ‘ప్లాన్ చూపించడం’ అంటారు. పై మెట్లకు సిల్వర్, ప్లాటినం, డైమండ్ లాంటి పేర్లు ఉంటాయి. కిరాణా కొట్టువాడు కొనేవాడిని ఖాతాదారు అంటాడు. ఇక్కడ కొనేవాడి పేరు ‘పార్ట్‌నర్’, అమ్మేవాడి పేరు కూడా అదే.

నర్సీపట్నం లాంటి ఊళ్లో ఇది కొట్టు తెరిచి రాదు. గొలుగొండ, నాతవరం, మాకవరపాలెం మండలాల జనానికీ, చింతపల్లి దారిలో ఏజెన్సీ నుంచి దిగివచ్చేవాళ్లకూ ఆసుపత్రి, ఆఫీసు, సంత అన్నీ ఇక్కడే. డివిజన్ కేంద్రం కాబట్టి నెలజీతం వచ్చే ఇళ్లూ ఎక్కువే. ఇలాంటి చోట గొలుసు చుట్టరికం వెంట నడిచి వస్తుంది. ఎన్నడూ ఫోన్ చేయని మేనల్లుడు ఓ ఆదివారం ఫోన్ చేసి, ‘మావయ్యా, చిన్న మీటింగు ఉంది, అత్తని కూడా తీసుకుని రండి’ అంటాడు. దేని గురించో చెప్పడు. చెప్పకుండా రప్పించడమే వాడికి నేర్పిన మొదటి పాఠం. అక్కడ ప్రొటీన్ పొడి, పళ్ల పేస్టు, నీళ్ల ఫిల్టరు, చేతి గడియారం, విహారయాత్ర ప్యాకేజీ, ఆన్‌లైన్ కోర్సు, ఏదో ఒకటి చూపిస్తారు. వస్తువు గురించి పది నిమిషాలు, రాబోయే కారు గురించి గంట. కాదనడం కష్టం, ఎందుకంటే ఎదురుగా ఉన్నది కంపెనీ ఏజెంటు కాదు, సొంత చెల్లెలి కొడుకు.

బోర్డు మీద గీసే బొమ్మను చివరిదాకా గీయరు. గీస్తే లెక్క బయటపడుతుంది. ఒక మనిషి ఆరుగురిని, ఆ ఆరుగురిలో ప్రతి ఒక్కరూ మరో ఆరుగురిని చేర్పిస్తూ పోతారనుకుందాం. రెండో వరుసలో 36, మూడో వరుసలో 216, నాలుగో వరుసలో 1,296, అయిదో వరుసలో 7,776 మంది అవుతారు. ఆరో వరుస ఒక్కటే 46,656. మొదటి మనిషితో కలిపి మొత్తం 55,987 మంది. నర్సీపట్నం పట్టణ జనాభా సుమారుగా అరవై వేలు, అందులో ఊయలలోని పసివాళ్లూ, మంచం పట్టిన ముసలివాళ్లూ ఉన్నారు. అంటే ఆరో వరుస పూర్తయ్యేలోపే ఊరు అయిపోతుంది. ఎనిమిదో వరుసకు 16,79,616 మంది కావాలి, అది దాదాపు అనకాపల్లి జిల్లా మొత్తం జనాభా. పదో వరుసకు ఆరు కోట్ల పైచిలుకు కావాలి, ఆంధ్రప్రదేశ్‌లో అంతమంది లేరు.

ఈ లెక్కలో జనాభా చాలకపోవడం కంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. 55,987 మందిలో చివరి వరుసలో ఉన్న 46,656 మంది కింద ఎవరూ లేరు. నూటికి 83 మందికి డౌన్‌లైన్ సొమ్ము రానట్టే. గొలుసు ఏ దశలో ఆగినా, ఎంత పెద్దదైనా, ఈ నిష్పత్తి పెద్దగా మారదు. కష్టపడితే ఎవరైనా పైకి వెళ్లవచ్చన్న మాటలో ‘ఎవరైనా’ నిజం కావచ్చు, ‘అందరూ’ మాత్రం ఎప్పటికీ కాలేరు. చివరి వరుసలో మిగిలినవాళ్లకు చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే: నువ్వు గట్టిగా పని చేయలేదు.

దీనికి కంపెనీల జవాబు, ‘మేము డబ్బు తిప్పడం లేదు, నిజమైన వస్తువు అమ్ముతున్నాం’ అని. వస్తువు నిజమే. ఆ వస్తువు గొలుసు బయట ఉన్నవాళ్లకు ఎంత అమ్ముడవుతోందన్నదే ప్రశ్న. నాలుగైదు మెట్ల కమిషన్ ధరలోనే కలిసి ఉంటే, అలాంటి సరుకును కొట్టులో దొరికేదానితో పోల్చి కొనే గిరాకీ తక్కువ. కొనేది ఎక్కువగా గొలుసులోని వాళ్లే. నెలనెలా ఇన్ని ‘పాయింట్లు’ రాకపోతే కమిషన్ అర్హత పోతుంది కనుక అవసరం లేకున్నా కొంటారు. అమ్ముకోలేని డబ్బాలు మంచం కింద చేరతాయి.

ఇలాంటి పథకాలను ఆపడానికి దేశంలో చట్టం ఎప్పటి నుంచో ఉంది. 1970ల్లో ప్రైజ్ చిట్లు, లక్కీ స్కీములు ఊరూరా పెరిగినప్పుడు రిజర్వ్ బ్యాంకు జేమ్స్ ఎస్. రాజ్ అధ్యక్షతన ఒక అధ్యయన బృందాన్ని వేసింది. వీటివల్ల జనానికి గానీ, ఆర్థిక వ్యవస్థకు గానీ మేలు లేదని, నిషేధించాలని ఆ బృందం సిఫారసు చేసింది. ఆ సిఫారసుతో వచ్చిందే ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం, 1978. తెలుగువాళ్లు రోజూ వేసే చీటీపాటకూ దీనికీ సంబంధం లేదు. పద్ధతిగా నమోదై నడిచే చిట్లకు 1982 నాటి చిట్ ఫండ్ల చట్టం వేరే ఉంది.

1978 చట్టంలోని సెక్షన్ 2(సి) మనీ సర్క్యులేషన్ పథకం అంటే ఏమిటో చెబుతుంది. దాన్ని మామూలు మాటల్లో చెప్పాలంటే: ఏ పేరు పెట్టుకున్నా సరే, సభ్యులను చేర్పించడంతో ముడిపడిన ఏదో ఒక ఘటన మీద ఆధారపడి త్వరగా, సులువుగా డబ్బు వచ్చే పథకం. ఆ డబ్బు సభ్యుల ప్రవేశ రుసుము నుంచి వచ్చిందా, ఇంకెక్కడి నుంచైనా వచ్చిందా అన్నదానితో నిమిత్తం లేదు. ‘ఏ పేరు పెట్టుకున్నా సరే’ అన్న మాట అందులో ఉండడం గమనించదగింది. ముందుముందు కొత్త పేర్లు పుట్టుకొస్తాయని ఆ ముసాయిదా రాసినవారికి తెలుసు. ఈ చట్టం కింద స్టేషన్ బాధ్యతలు చూసే అధికారి స్థాయి ఉన్న ఏ పోలీసు అధికారైనా సోదా చేయవచ్చు. పథకాన్ని నడిపినా, ప్రోత్సహించినా మూడేళ్ల దాకా జైలు, అయిదు వేల రూపాయల దాకా జరిమానా. 1978లో అయిదు వేలంటే పెద్ద మొత్తమే. ఇవాళ్టి ఒక ‘డైమండ్’ కారు టైర్లకు కూడా అది చాలదు.

ఈ నిర్వచనానికి మొదటి పెద్ద పరీక్ష కలకత్తాలో వచ్చింది. సంచయిత ఇన్వెస్ట్‌మెంట్స్ అనే భాగస్వామ్య సంస్థ డిపాజిట్ల మీద భారీ వడ్డీలు ఇచ్చేది. ఆ కేసులో 1982లో సుప్రీంకోర్టు, సులువుగా డబ్బు వస్తుందనడం ఒక్కటే చాలదని, ఆ డబ్బు సభ్యుల చేరికతో ముడిపడి ఉండాలని చెప్పి కేసు కొట్టేసింది. అది సంచయితకు ఊరట అయింది. కానీ అదే సూత్రాన్ని గొలుసుకట్టు వ్యాపారానికి పెట్టి చూస్తే ఫలితం తిరగబడుతుంది. ఇక్కడ పైవాడి కమిషన్ మొత్తం కిందివాళ్ల చేరికతోనే ముడిపడి ఉంది.

ఆ పరీక్ష ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. 2006లో రాష్ట్ర సీఐడీ పోలీసులు ఒక ఫిర్యాదు మీద కేసు నమోదు చేసి ఆమ్వే ఇండియా కార్యాలయాల మీద దాడులు చేశారు. అమెరికాకు చెందిన ఈ కంపెనీ అప్పటికే దేశంలో పేరున్న సంస్థ, లక్షలమంది డిస్ట్రిబ్యూటర్లు ఉన్నారు. తమది చట్టబద్ధమైన డైరెక్ట్ సెల్లింగ్ అని, నిషేధ చట్టం తమకు వర్తించదని కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. 2007 జులైలో డివిజన్ బెంచ్ ఆ పిటిషన్లను కొట్టివేసింది. కొత్తవాళ్లను చేర్పించిన కొద్దీ, వాళ్లు కొన్న కొద్దీ పైనున్నవారికి కమిషన్ వస్తూ ఉండే ఆ ఏర్పాటులో చట్టం చెప్పిన సులువైన సొమ్మూ, చేరికతో ముడీ రెండూ కనిపిస్తున్నాయని ధర్మాసనం అభిప్రాయపడింది. వస్తువులు ఉండడం ఆ ముడిని విప్పలేదు. ఒక పెద్ద బహుళజాతి సంస్థ పద్ధతిని అంత సూటిగా పట్టుకున్న తీర్పు అప్పటికి దేశంలో అరుదు. ఆ తర్వాతి ఫిర్యాదులన్నిటికీ అదే ఊతకర్ర అయింది.

ఇలాంటి ఫిర్యాదులు ఎవరు చేస్తారన్నది ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం. మామూలు మోసాల్లో డబ్బు పోయినవాడు స్టేషన్‌కు వెళతాడు. గొలుసులో డబ్బు పోయినవాడు వెళ్లడు. వెళ్లలేడు. ఎందుకంటే అతని డబ్బు తీసుకున్నది బావమరిది, అతను డబ్బు కట్టించినది తోడల్లుడితో, ఎదురింటి టీచరుతో. ఫిర్యాదు రాయాలంటే పై పేరుతో పాటు కింది పేర్లూ చెప్పాలి. చెబితే తానూ పథకాన్ని ప్రోత్సహించినవాడే, చట్టం కింద తానూ నిందితుడు కావచ్చు. పరువు సంగతి సరేసరి. కూతురి పెళ్లి డబ్బు పెట్టానని భార్యకే చెప్పని మనిషి ఎస్సైకి ఏం చెబుతాడు? పదిమందిని ముంచినవాడూ, మునిగినవాడూ ఒకే చొక్కా తొడుక్కున్న నేరం ఇది. అందుకే నష్టపోయినవాళ్లు వేలల్లో ఉన్నా స్టేషన్ రికార్డుల్లో ఫిర్యాదులు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటాయి. తర్వాత కంపెనీలు ఢిల్లీలో ఆ సంఖ్యనే చూపిస్తాయి: మా మీద అసంతృప్తి లేదనడానికి ఇదే రుజువని.

ఈ ఖాళీని పూరించినవాళ్లు గొలుసులో ఎప్పుడూ చేరని బయటివాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో శ్యామ్ సుందర్ ఆధ్వర్యంలో పనిచేసిన ‘కార్పొరేట్ ఫ్రాడ్స్ వాచ్’ అలాంటి ప్రయత్నాల్లో చెప్పుకోదగింది. ఇలాంటి వినియోగదారుల ఉద్యమానికి ఊరేగింపులు, జెండాలు ఉండవు. కంపెనీ ప్లాను కాగితాలు సేకరించడం, వాటిని సెక్షన్ 2(సి) పక్కన పెట్టి చదవడం, పోలీసులకూ రిజర్వ్ బ్యాంకుకూ మంత్రిత్వ శాఖలకూ లేఖలు రాయడం, హైకోర్టు తీర్పు నకళ్లు జతచేయడం, జవాబు రాకపోతే మళ్లీ రాయడం. ఈ నేరానికి బాధితుడే వచ్చి ఫిర్యాదు చేయాలన్న నియమం లేదు. కాగ్నిజబుల్ నేరం కాబట్టి సమాచారం ఎవరు ఇచ్చినా పోలీసులు కేసు కట్టవచ్చు. ఉద్యమకారుల బలమంతా ఈ ఒక్క చట్టపు వెసులుబాటులోనే ఉంది.

వినియోగదారుల కోర్టుకు వెళ్లవచ్చు కదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. అక్కడ మెలిక ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తిరిగి అమ్మడానికి సరుకు కొన్నవారు వినియోగదారులు కారు. నలభై డబ్బాలు కొని మంచం కింద పెట్టుకున్న డిస్ట్రిబ్యూటర్‌ను ఎదుటి లాయరు ‘మీరు వ్యాపారి’ అంటాడు. సొంతంగా జీవనోపాధి కోసం చేసేవారికి ఒక మినహాయింపు ఉన్నా దాన్ని నిరూపించుకునే భారం ఆ మనిషి మీదే పడుతుంది. గొలుసు అతన్ని కొనుగోలుదారుగా లెక్కవేసి లాభం తీసుకుంది, నష్టం వచ్చినప్పుడు మాత్రం వ్యాపారిగా చూపిస్తుంది.

తీర్పు వచ్చాక కూడా వ్యాపారం ఆగలేదు. కేసు నడుస్తూ ఉండగా కంపెనీలు పెరిగాయి, కొత్తవి వచ్చాయి. 2013 మేలో ఆమ్వే ఇండియా అధిపతి విలియం స్కాట్ పింక్నీని, ఇద్దరు డైరెక్టర్లను కేరళ పోలీసులు అరెస్టు చేశారు. ఏడాది తిరిగేసరికి, 2014 మే నెలాఖరులో, రాష్ట్రం రెండుగా విడిపోవడానికి కొద్ది రోజుల ముందు కర్నూలు పోలీసులు గుర్గావ్ వెళ్లి మళ్లీ ఆయన్నే పట్టుకొచ్చారు. ఒక విదేశీ కంపెనీ అధిపతిని జిల్లా పోలీసులు వెయ్యికి పైగా కిలోమీటర్ల దూరం నుంచి తెచ్చి జైల్లో పెట్టడం వ్యాపార వర్గాలను కుదిపేసింది.

లాబీయింగ్ ఎలా పనిచేస్తుందో అప్పుడే బాహాటంగా కనిపించింది. 2013 అరెస్టు మీద అప్పటి కేంద్ర కంపెనీ వ్యవహారాల మంత్రి సచిన్ పైలట్ బహిరంగంగానే నిరాశ వెలిబుచ్చారు. ఫిక్కీ లాంటి వాణిజ్య సంఘాలు పెట్టుబడుల వాతావరణం దెబ్బతింటోందన్నాయి. 1996లో ఏర్పడిన ఇండియన్ డైరెక్ట్ సెల్లింగ్ అసోసియేషన్ చాలాకాలంగా ఒకటే కోరుతూ వచ్చింది: 1978 చట్టం పరిధి నుంచి డైరెక్ట్ సెల్లింగ్‌ను తప్పించాలి, లేదా దానికి వేరే గుర్తింపు ఇవ్వాలి. వాళ్ల వాదనలో కొంత పస లేకపోలేదు. మోసపు స్కీములనూ నిజంగా సరుకు అమ్మేవాళ్లనూ ఒకే గాటన కట్టకూడదని, గృహిణులకు ఇంటి దగ్గర ఆదాయం వస్తోందని, ప్రభుత్వానికి పన్ను అందుతోందని వాళ్లు చెప్పారు. ఇలాంటి వినతులు మంత్రుల దాకా ఎవరు తీసుకెళ్లారో, ఎంత ఖర్చయిందో పౌరులు తెలుసుకునే మార్గం లేదు. అమెరికాలో లాబీయిస్టులు నమోదు చేసుకుని లెక్కలు చూపాలని చట్టం ఉంది. భారత్‌లో లాబీయింగ్‌కు చట్టమే లేదు.

అమెరికా ప్రస్తావన ఇక్కడ ఊరికే రాలేదు, ఈ వ్యాపారానికి రాజకీయ అండ దొరికిన తీరు అక్కడే ముందు చూడవచ్చు. ఆమ్వేను 1959లో మిషిగన్ రాష్ట్రంలో జే వాన్ ఆండెల్, రిచ్ డెవోస్ స్థాపించారు. 1979లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థ ధరలు కట్టడి చేసిందని, ఆదాయాలను పెంచి చూపిందని తప్పుపట్టింది. అయితే అది అక్రమ పిరమిడ్ కాదని కూడా తేల్చింది. సరుకు వెనక్కి తీసుకునే నియమం, కొన్నదాంట్లో 70 శాతం అమ్మాలన్న నియమం, నెలకు పదిమంది బయటి ఖాతాదారులుండాలన్న నియమం ఉన్నాయన్నది కారణం. ప్రపంచంలో గొలుసు కంపెనీలన్నీ ఆ తీర్పును పటం కట్టి పెట్టుకున్నాయి. అవే రోజుల్లో వాన్ ఆండెల్ అమెరికా చాంబర్ ఆఫ్ కామర్స్‌కు అధ్యక్షుడిగా ఉన్నాడు. కొద్దికాలానికి డెవోస్ రిపబ్లికన్ పార్టీ జాతీయ కమిటీ ఆర్థిక బాధ్యతలు చూశాడు. ఆయన కోడలు బెట్సీ డెవోస్ 2017లో విద్యామంత్రి అయ్యారు.

2006లో ఆ ట్రేడ్ కమిషనే ఒక ముసాయిదా తెచ్చింది. వ్యాపార అవకాశం పేరుతో డబ్బు తీసుకునేవారు, చేరేవారికి ఆదాయాల నిజమైన లెక్కలు ముందే చూపాలని, ఏడు రోజులు ఆలోచించుకునే గడువు ఇవ్వాలని అందులో ఉంది. గొలుసు కంపెనీలు తమ డిస్ట్రిబ్యూటర్ల చేత లేఖల వర్షం కురిపించాయి. పదిహేడు వేలకు పైగా అభిప్రాయాలు వచ్చిపడ్డాయి. చివరికి 2011లో ఖరారైన నియమం నుంచి మల్టీ లెవెల్ కంపెనీలకు మినహాయింపు దొరికింది. కింది వరుసలో నష్టపోతున్నవాళ్ల చేతే తమకు రక్షణగా నిలిచే నియమానికి వ్యతిరేకంగా సంతకాలు పెట్టించగలగడం ఈ పరిశ్రమకు మాత్రమే సాధ్యం. చైనా ఇంకో దారి పట్టింది. 1998లో మొత్తం నిషేధించి, 2005లో ఒకే మెట్టు అమ్మకానికి మాత్రం లైసెన్సులు ఇచ్చింది. అమ్మినవాడికి తన సొంత అమ్మకాల మీద 30 శాతానికి మించి ఇవ్వకూడదు, కిందివాళ్ల అమ్మకాల మీద ఏమీ ఇవ్వకూడదు.

భారత ప్రభుత్వం ఈ రెంటికీ మధ్య దారి వెతికింది. మంత్రిత్వ శాఖల ఉమ్మడి కమిటీ కూర్చుంది. 2015 జనవరి 1న రిజర్వ్ బ్యాంకు మల్టీ లెవెల్ మార్కెటింగ్ ఉచ్చులో పడవద్దని, అలా డబ్బు తీసుకోవడం 1978 చట్టం కింద నేరమని ప్రజలను హెచ్చరించింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ డైరెక్ట్ సెల్లింగ్ మార్గదర్శకాలను రాష్ట్రాలకు పంపింది. ఒకే ప్రభుత్వపు రెండు కార్యాలయాల నుంచి ఇరవై నెలల తేడాలో వచ్చిన ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చదివిన పౌరుడు ఏమనుకోవాలో ఎవరూ చెప్పలేదు. 2021 డిసెంబరులో వినియోగదారుల రక్షణ చట్టం కింద డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు వచ్చాయి. పిరమిడ్ పథకాలూ, మనీ సర్క్యులేషన్ పథకాలూ నిషేధమని, రాష్ట్రాలు పర్యవేక్షణ ఏర్పాటు చేసుకోవాలని అవి చెబుతున్నాయి. అమ్మేవాళ్లు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా ఇంటికి వెళ్లకూడదు. ఆదివారం వచ్చిన మేనల్లుడికి ఈ నియమం ఎలా వర్తింపజేయాలన్నది మాత్రం తేలదు.

ఉద్యమకారుల అభ్యంతరం ఇక్కడే ఉంది. నిబంధనలు చట్టాన్ని మార్చలేవు, 1978 చట్టం చెక్కుచెదరలేదు. మనుషుల చేరికకు నేరుగా డబ్బు ఇవ్వకూడదని కొత్త నిబంధనలు అంటాయి గానీ, కిందివాళ్ల కొనుగోళ్ల మీద పైవాళ్లకు వాటా ఇచ్చే పద్ధతిని ఆపలేదు. హైకోర్టు 2007లో వేలెత్తి చూపింది అచ్చంగా ఆ పద్ధతినే. ఆ లెక్కన పరిశ్రమ కోరిన చట్ట సవరణ రాకపోయినా, కోరుకున్న పేరు ప్రభుత్వ గెజిట్‌లోకి ఎక్కింది. ‘మాకు ప్రభుత్వ గుర్తింపు ఉంది’ అని మీటింగుల్లో చూపించే కాగితం అదే.

ఈ మధ్యకాలంలో గట్టి చర్యలు హైదరాబాద్ చుట్టూ జరిగాయి. 2018లో సైబరాబాద్ పోలీసులు హర్యానాకు చెందిన ఫ్యూచర్ మేకర్ లైఫ్ కేర్ నిర్వాహకులను అరెస్టు చేశారు. మనిషికి రూ.7,500 కట్టించుకుని నడిపిన ఆ గొలుసులో మొత్తం వెయ్యి కోట్లు దాటిందని పోలీసులు చెప్పారు. 2019లో నోయిడాకు చెందిన ఈబిజ్ మీద కేసు పెట్టారు. ఆన్‌లైన్ కోర్సుల పేరుతో నడిచిన దాంట్లో చిక్కుకున్నవాళ్లలో కాలేజీ విద్యార్థులు ఎక్కువ. అదే ఏడాది క్యూనెట్ అనే మరో గొలుసు కంపెనీ వ్యవహారంలో పదుల సంఖ్యలో అరెస్టులు జరిగాయి, ప్రచారం చేసిన సినీనటులకూ నోటీసులు వెళ్లాయి. అప్పటి కమిషనర్ వి.సి. సజ్జనార్ తర్వాత ఆర్టీసీకి మారినా ఈ విషయం వదల్లేదు. 2023లో ఆమ్వే లాంటి సంస్థలకు ప్రచారం చేయవద్దని అమితాబ్ బచ్చన్‌ను బహిరంగంగా కోరారు. తమ వ్యాపారం చట్టబద్ధమేనని ఆమ్వే, క్యూనెట్ రెండూ అంటూనే ఉన్నాయి.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు చెలరేగి ఆరుగురు చనిపోయారు. నలుగురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు, అందరూ ఇరవైల్లోవాళ్లే. వరంగల్, ఖమ్మం వైపు పల్లెల నుంచి ఉద్యోగమని వచ్చినవాళ్లు. వాళ్లు పనిచేసిన కార్యాలయానికి క్యూనెట్ గొలుసుతో సంబంధం ఉందన్న ఆరోపణ వచ్చింది, చేరడానికి పిల్లలు డబ్బు కట్టారని ఇళ్లవాళ్లు చెప్పారు. జీతం ఇవ్వాల్సిన చోట పిల్లలే ఎదురు డబ్బు కట్టడం ఈ మాటల్లో బయటపడింది. మంటలు రాకపోతే ఆ అంతస్తులో ఏం జరుగుతోందో ఎవరికీ తెలిసేది కాదు.

డబ్బు ఎక్కడికి పోయిందన్న లెక్క ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ చేతికి వచ్చాక బయటపడింది. తెలంగాణ పోలీసు కేసుల ఆధారంగా దర్యాప్తు చేసిన ఈడీ 2022 ఏప్రిల్‌లో ఆమ్వేకు చెందిన రూ.757.77 కోట్ల ఆస్తులను జప్తు చేసింది. ఈడీ చెప్పిన ప్రకారం 2002-03 నుంచి 2021-22 దాకా కంపెనీ వసూలు చేసినది రూ.27,562 కోట్లు, అందులో సభ్యులకు కమిషన్‌గా పంచినది రూ.7,588 కోట్లు. అంటే వంద రూపాయల సరుకులో 27 రూపాయలకు పైగా గొలుసు మెట్ల మీదికి ఎక్కింది. 2023లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టులో ఈడీ ఫిర్యాదు దాఖలు చేసింది. 1978 చట్టంలోని అయిదు వేల జరిమానాను ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే, పాత చట్టానికి మనీ లాండరింగ్ చట్టం కోరలు ఎందుకు అరువు తెచ్చుకోవాల్సి వచ్చిందో అర్థమవుతుంది.

ఇప్పుడు ఒక చిన్న పట్టణంలో ఎవరైనా ఫిర్యాదు చేయాలనుకుంటే దారి స్టేషన్ నుంచే మొదలవుతుంది. 1978 చట్టంలోని సెక్షన్ 3, 4, 5లతో పాటు మోసానికి భారతీయ న్యాయ సంహితలోని 318 సెక్షన్ కూడా వర్తిస్తుంది. ‘మోసపోయాను’ అన్న మాట కంటే కాగితాలకే బలం ఎక్కువ. కమిషన్ ఎలా వస్తుందో చెప్పే ప్లాను కాగితం, చేరినప్పుడు కట్టిన డబ్బుకు బ్యాంకు లేదా ఫోన్‌పే రుజువు, వాట్సాప్ గ్రూపులో ఆదాయాల గురించి వచ్చిన సందేశాలు, మీటింగు పిలుపుల రికార్డింగులు, ఎవరు ఎవరి కింద ఉన్నారో చూపే కంపెనీ సైటు పేజీ. ఆ చివరిది ముఖ్యం, ఎందుకంటే ఫిర్యాదు నమోదు కాగానే సైటులో లాగిన్ ఆగిపోవడం మామూలే. సరుకు వాపసు గడువు లోపలైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అనుమతి లేని డిపాజిట్లు వసూలు చేస్తుంటే రిజర్వ్ బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. తన కింద చేరినవాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చి, వాళ్ల సంతకాలతో కలిసి ఫిర్యాదు ఇచ్చినవాడి మాటకు దర్యాప్తులో విలువ ఎక్కువ. అంత డబ్బు చేతిలో ఉన్నవాడు అరుదు కాబట్టి, ఇప్పటికీ ఎక్కువ ఫిర్యాదుల మీద మొదటి సంతకం గొలుసులో ఒక్క రూపాయి కూడా పెట్టని మనిషిదే అవుతోంది.